ఆ 20 శాతం అబద్ధమా?

ప్రశ్న: సార్, మాది చంద్రగిరి పక్కన పల్లె. రెండెకరాల్లో శనక్కాయలు వేశాం. పోయిన అక్టోబరులో చెట్లు పీకి చేలో ఆరబెట్టినప్పుడు ఫోన్‌లో చూస్తే ‘రేపు వాన 20 శాతం’ అని ఉంది. కుప్ప వేసి పట్ట కప్పుదామని నాన్న అంటే, అక్కర్లేదని చెప్పింది నేనే. మర్నాడు రాత్రి కుండపోతగా కురిసింది. ఆ తర్వాత నాలుగు రోజులు ముసురు వదల్లేదు. కాయలు మొలకెత్తాయి. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. సైన్సు ఇంతేనా? తూనీగలు చూసి వాన చెప్పే మా అవ్వే నయం కదా?
— డిగ్రీ విద్యార్థిని, చంద్రగిరి మండలం

జవాబు: అమ్మా, నాన్న ఒక్క మాట అనలేదన్న చోట ఆగిపోయాను. నువ్వు చూసిన అంకె తప్పు కాదు, చూడడమూ తప్పు కాదు. దాన్ని ఎలా వాడాలో నీకు ఎవరూ చెప్పలేదు. తిరుపతిలో ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ పాఠాలు చెప్పిన నేను కూడా తరగతిలో ఈ సంగతి ఎత్తలేదు. ఆ బాధతోనే రాస్తున్నాను.

20 శాతం అంటే వాన రాదని కాదు. అలాంటి రోజులు పది వస్తే రెండు రోజులు వాన పడుతుందని. మీకు వచ్చింది ఆ రెండింట్లో ఒకటి. ఒక్క రోజును చూసి లెక్క నిజమో అబద్ధమో తేల్చలేం. 20 అని చెప్పిన రోజులన్నీ రాసిపెట్టుకుని, వాటిలో ఎన్ని రోజులు తడిశాయో చూడాలి. నేను మిద్దె మీద వాన కొలిచే గొట్టం పెట్టి ఏళ్ళ తరబడి చేస్తున్న పని ఇదే. నోటుబుక్కులో ఎడమ వైపు ముందురోజు సాయంత్రం ఫోన్ చెప్పింది రాస్తాను. కుడి వైపు పొద్దున ఎనిమిదిన్నరకు గొట్టంలో ఉన్న మిల్లీమీటర్లు. 2021 నవంబరు 18, 19 పేజీల్లో సిరా చెదిరిపోయింది. ఆ వరదలో మా కింది గదిలోకి నీళ్ళొచ్చాయి. పెద్ద వాన ఉందని ముందే తెలుసు. మా వీధి కాలవ పొంగుతుందని మాత్రం ఏ లెక్కా చెప్పలేదు.

ఆ శాతం ఎలా పుడుతుందో చెప్తాను. ఇవాళ్టి గాలి, వేడి, తేమ కొలతలు కంప్యూటరుకిచ్చి రేపటిని లెక్క కట్టిస్తారు. కొలతల్లో ఎంతో కొంత తేడా ఉంటుంది కదా, అందుకని వాటిని కాస్త అటూ ఇటూ కదిపి అదే లెక్క మళ్ళీ మళ్ళీ చేయిస్తారు. యూరప్ వాతావరణ కేంద్రం ఒక్కో విడతలో 51 సార్లు చేయిస్తుంది. అందులో పదింట్లో మీ వైపు వాన కనబడితే, అదే 20 శాతం.

కాస్త కదిపితే ఏమవుతుందిలే అనుకోకు. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త తన పాత లెక్కనే మధ్యలోంచి మళ్ళీ నడపాలని, కాగితం మీద అచ్చయిన 0.506 ఎక్కించి కాఫీకి వెళ్ళాడు. మిషను లోపల ఉన్న అసలు అంకె 0.506127. తిరిగొచ్చి చూస్తే కొత్త లెక్కలో వచ్చిన వాతావరణానికీ పాతదానికీ పోలికే లేదు. మనం గాలినీ తేమనూ అంత సూక్ష్మంగా ఎక్కడ కొలవగలం? అందుకే ఏ రోజు ఏమవుతుందన్నది రెండు వారాలకు మించి చెప్పడం సాధ్యం కాదని శాస్త్రవేత్తలే అంటారు. నెల తర్వాత ఫలానా రోజు వాన అని ఏ యాప్ చూపించినా, దాన్ని నమ్మి కూలీలను పిలవొద్దు.

చిత్తూరు దారిలో గాదంకి వస్తుంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాలకు ఒకసారి మా పిల్లలను తీసుకెళ్ళాను. మైదానంలో వరుసకు 32 చొప్పున 1024 యాంటెన్నాలు. పైకి రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చే సన్నటి ప్రతిధ్వనిని బట్టి ఏ ఎత్తులో గాలి ఎటు వీస్తోందో చెప్తాయి. అంత గొప్ప రాడారుకు కూడా తెలిసేది తన నెత్తి మీది గాలే. ఇక కంప్యూటరు లెక్క నేలను గళ్ళుగా విడదీసి కడతారు. 2025 మేలో మన దేశం మొదలుపెట్టిన కొత్త అంచనా పద్ధతిలో ఒక్కో గడి 6 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు. ఒక్క గడిలో మీ చేను లాంటివి నాలుగు వేలకు పైగా పడతాయి.

మరి ఆ 20తో ఏం చేయాలి? పట్ట అద్దె, ఇద్దరు కూలీలు కలిపి వెయ్యి రూపాయలనుకో. తడిస్తే పోయేది ఇరవై వేలనుకో. ఇరవై వేలలో వెయ్యి 5 శాతం. అంటే వాన అవకాశం 5 శాతం దాటితే చాలు, కప్పడమే లాభం. అలా కప్పిన రోజుల్లో చాలాసార్లు వాన రాదు, వెయ్యి దండగ అనిపిస్తుంది. అనిపించనీ. దండెం మీద బట్టలకైతే 20 శాతానికి జంకక్కర్లేదు. మీ నాన్న కాగితం మీద వేయలేదు గానీ, కుప్ప వేద్దామన్నది ఈ లెక్కతోనే. (పచ్చి శనక్కాయ చెట్ల మీద పట్ట ఎక్కువసేపు ఉంటే బూజు పడుతుంది. వాన వెలిసిన వెంటనే తీసేయండి.)

అవ్వను తీసిపారేయకు. ఆమె చూసేది ఇప్పటి గాలిని, ఇప్పటి తేమను. గంటా రెండు గంటల ముందు అది పనికొస్తుంది గానీ, రేపు రాత్రి సంగతి తూనీగకు తెలియదు. అవ్వను కార్తెల గురించి అడుగు. చిత్త, స్వాతి అంటే అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు మొదటి వారం దాకా, మనకు ఈశాన్య రుతుపవనాలు అందుకునే రోజులు. ఏ రోజు పడుతుందో కార్తె చెప్పదు, ఇది పడే కాలమని చెప్తుంది. ఆ రోజుల్లో ఇంట్లో పట్ట లేకుండా చెట్లు పీకొద్దు.

ప్రశ్న: వాన సంగతి సరే, రెండు నెలల తర్వాత టమోటా ధర ఎంతుంటుందో సైన్సు చెప్పగలదా?
— రైతు, పలమనేరు

జవాబు: అన్నా, అది వానకన్నా కష్టం. వాన పడుతుందని మనం చెప్పినా మబ్బు వినదు. ధర పెరుగుతుందని చెప్తే మాత్రం రైతులందరూ వింటారు, అందరూ నాటుతారు, ధర పడిపోతుంది. 2023 జులైలో కిలో వంద దాటింది, సెప్టెంబరుకల్లా రోడ్డు పక్కన పారబోశారు. నేనైతే ఇవాళ్టి మార్కెట్ ధర చూడను. నాటిన రెండు నెలలకు కాయ కోతకొస్తుంది కాబట్టి, నారు కొనేముందు నాలుగు నర్సరీలు తిరిగి, ఈ పదిహేను రోజుల్లో ఎంత నారు అమ్ముడుపోయిందో అడుగుతాను. నారు దొరకడమే కష్టంగా ఉందంటే అందరూ టమోటానే నాటుతున్నట్టు, ఈ విడతకు మీరు బీన్సో క్యాబేజీయో చూసుకోండి.