మేత బాకీ నెత్తిన పెట్టుకుని కారు ధర కోసం ఆగాలా?

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు వెనామీ రొయ్యల చెరువులున్నాయి. నాలుగేళ్ల కిందట 2012 మోడల్ నిస్సాన్ 370జెడ్ స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో 18 లక్షలకు కొన్నాను. సైలెన్సర్, స్ప్రింగులు, చక్రాలు, ఇంజిన్ ట్యూనింగ్ మీద ఇంకో 6 లక్షలు పెట్టాను. మేత షాపులో 12 లక్షల బాకీ ఉంది, నూటికి రెండు రూపాయల వడ్డీ. కారును 15 లక్షలకు మించి ఎవరూ అడగడం లేదు. నేను పెట్టిన 24 లక్షలు వచ్చేదాకా ఆగవచ్చా?

జవాబు: ఆగకండి. 12 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 24 వేలు. ఆరు నెలలు ఆగితే 1,44,000. అప్పటికి ఎవరైనా 17 లక్షలు ఇచ్చినా, ఎక్కువ వచ్చిన 2 లక్షల్లో మీకు మిగిలేది 56 వేలు. అందులోంచే ఇన్సూరెన్సు, బ్యాటరీ ఖర్చులు పోవాలి. పైగా 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ 2027లో అయిపోతుంది. ఆ తేదీ దగ్గరపడేకొద్దీ కొనేవాడు ఇంకా తగ్గించి అడుగుతాడు.

మీరు ఇష్టపడి చేయించిన పనికి విలువ కట్టడం లేదన్న బాధ నాకు అర్థమవుతుంది. 3.7 లీటర్ల వీ6 ఇంజిన్, రెండే సీట్లు, అలాంటి కారు మన చెరువు గట్ల మీద ఎంత అపురూపమో తెలుసు. కానీ మీ అభిరుచికి అయిన ఖర్చు ఇంకొకరు భరించరు. కంపెనీ సైలెన్సర్, స్ప్రింగులు మేత షెడ్డులో దాచి ఉంటే వాటిని తిరిగి బిగించండి, ట్యూనింగ్ కూడా పాత స్థితికి తెప్పించండి. తీసిన సామాను ఔత్సాహికులకు విడిగా అమ్మితే కొంత సొమ్ము చేతికొస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నమైన మార్పులను ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కంపెనీ సామానే బిగించి ఉంటే, ఆర్టీవో దగ్గర బండి చూపించాల్సి వచ్చినా టెన్షన్ ఉండదు. చేయించిన మార్పులేవీ కొనేవారి దగ్గర దాచకండి. ఉప్పుగాలికి కింది భాగం తుప్పు పట్టి ఉంటే, లిఫ్టు మీద ఎత్తించి మీరే చూపించండి.

నాకు ధర కంటే పెద్ద భయం ఆర్సీ మీద మీ పేరు గురించే. కారు ఇచ్చేసినా పేరు మారకపోతే, దానితో ఎవరికైనా ప్రమాదం జరిగినప్పుడు రికార్డులో ఉన్న యజమానిదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నేనే ఒకసారి మోటార్‌సైకిల్ అమ్మి ఈ సంగతి వదిలేశాను. చాలాకాలం చలానాలు నా ఫోన్‌కే వచ్చాయి. అది మామూలు బండి. ఇంత వేగంగా పోయే కారు విషయంలో ఆ పొరపాటు మీరు చేయొద్దు. పేరు మార్పుకు వాడే ఫారం 29, 30 ఖాళీగా ఉండగా సంతకాలు పెట్టి ఇవ్వకండి. కొన్నవారి పేరు, తేదీ, సమయం రాయించి, కాపీ దగ్గర పెట్టుకోండి. మన రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలి. హైదరాబాద్, బెంగళూరు వాళ్లు కొంటే ఫారం 28తో ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి. ఎన్‌వోసీ చేతికొచ్చినంత మాత్రాన పేరు మారినట్టు కాదు, అక్కడ వాళ్లు రిజిస్టర్ చేయించుకోవాలి. అందుకే కొంత డబ్బు తగ్గించుకుని అయినా స్థానికుడికి అమ్మడమే నాకిష్టం.

డబ్బు బ్యాంకులోనే తీసుకోండి. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీ పడొచ్చు. సొంత వాడకం కారు కాబట్టి క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు. చెరువుల వ్యాపారం లెక్కల్లో చూపించి తరుగుదల రాసుకుని ఉంటే మాత్రం ముందు మీ ఆడిటర్‌ను అడగండి. క్లెయిమ్ చేయనందుకు ఇన్సూరెన్సు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, మీది, కారుది కాదు. ఇన్సూరెన్సు కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే కారుకు వాడుకోవచ్చు.

15 లక్షలు అడిగినాయన ఇంకా ఉంటే ఈ వారమే ఫోన్ చేయండి. డబ్బు పడిన రోజే మేత షాపుకు వెళ్లి ఖాతా మూయించి, చెల్లు రాయించుకోండి. మిగిలిన 3 లక్షలు వచ్చే పంట సీడుకూ మొదటి మేతకూ ఉంచుకోండి. ఈసారి అరువు లేకుండా చెరువులో పిల్ల వదలండి.