ఒట్టు వేసిన రెండో రోజే మళ్లీ గంజాయి

ప్రశ్న: మాది కర్నూలు పక్క పల్లె. నేను టౌన్‌లో ఉద్యోగం చేస్తున్నా. తమ్ముడికి 21 ఏళ్లు, బీటెక్ మూడో సంవత్సరం. చదువులో ఎప్పుడూ ముందే. రెండేళ్లుగా గంజాయి తాగుతున్నాడని ఈ మధ్యే తెలిసింది. మొన్న యార్డులో ఉల్లిగడ్డలు అమ్మిన డబ్బులో 40 వేలు బ్యాంకులో కట్టమని నాయన చేతికిస్తే, క్రికెట్ బెట్టింగ్‌లో పోగొట్టాడు. అడిగితే ‘రాత్రికల్లా డబల్ చేసి కడదామనుకున్నా’ అంటాడు. అమ్మ మీద ఒట్టేసి మానేస్తాడు, రెండు రోజులే. పెళ్లి చేస్తే దారికొస్తాడని నాయన సంబంధాలు చూస్తున్నాడు. అంత తెలివైనోడికి ఇంత మాత్రం ఎందుకు అర్థం కాదు?

జవాబు: అర్థం కాక కాదమ్మా. బ్యాంకు గడువు, నాయన కష్టం, వడ్డీ, అన్నీ అతనికి తెలుసు. తెలియడం వేరు, డబ్బు చేతిలో ఉన్న ఆ క్షణాన అది గుర్తొచ్చి చేతిని ఆపడం వేరు. ఆపే పని నుదుటి వెనకుండే మెదడు భాగానిది. అది పూర్తిగా పక్వానికి రావడానికి 25 ఏళ్ల దాకా పడుతుంది. మీ తమ్ముడు 19లోనే మొదలుపెట్టాడు.

కేసీ కాలువ మీద లస్కరును చూసే ఉంటారు. ఏ తూముకు ఎన్ని నీళ్లు, ఎప్పుడు వదలాలో అతని లెక్క అతనికుంటుంది. మెదడులో సంకేతాలకు అలాంటి లస్కర్లు సహజంగానే ఉన్నాయి. గంజాయిలో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ వాళ్ల చోట్లోనే వచ్చి కూర్చుని, లెక్కాపత్రం లేకుండా షట్టర్లు తిప్పేస్తుంది. అప్పుడు మూడు విషయాలు ఒకేసారి మనసులో పెట్టుకుని బేరీజు వేయడం కష్టమవుతుంది. కాలం అంచనా తప్పుతుంది. దగ్గర్లో ఉన్న లాభం కొండంతా, నెల తర్వాత వచ్చే నష్టం గోరంతా కనిపిస్తాయి. ‘రాత్రికల్లా’ అన్న మాటలో ఉన్నది ఇదే. మత్తు కొన్ని గంటల్లో దిగినా, రోజూ తాగేవాళ్లలో ఈ మందకొడితనం మానేశాక కూడా రోజులు, వారాలు ఉంటుంది. నాలుగైదు వారాలు పూర్తిగా ఆపితే చాలామందిలో చాలావరకు తేరుకుంటుంది.

అట్లని మొత్తం గంజాయి మీదికే తోయకండి. బెట్టింగ్ కూడా ఒక వ్యసనమే, గంజాయి ముట్టనోళ్లూ అందులో మునుగుతున్నారు. ‘నా మెదడు అట్లా అయింది’ అనే సాకు తమ్ముడికి మనమే అందించినట్టు కాకూడదు. ఆ 40 వేలు అతనే సెలవుల్లో పనిచేసి తీర్చాలి. మీరు జీతంలోంచి కట్టొద్దు.

ఇక ఒట్ల సంగతి. రోజూ తాగేవాడు ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు, నిద్రలేమి, అన్నం సహించకపోవడం మొదలవుతాయి. మొదటి వారం మరీ కష్టం, ఆ తర్వాత రెండు మూడు వారాల్లో మెల్లగా తగ్గుతాయి. మీ వాడు సరిగ్గా అక్కడే పడిపోతున్నాడు. అమ్మ మీద ప్రేమ లేక కాదు. కాబట్టి ఒట్టు వేయించుకోవడం మానేయండి. ‘ఇక జన్మలో తాగను’ బదులు ‘ఈ రెండు వారాలు’ అని అడగండి. మాట్లాడేది కళ్లు ఎర్రగా ఉన్న రాత్రి కాదు, పొద్దున టీ దగ్గర. ‘నీ భవిష్యత్తు ఏం కావాల?’ అంటే తల దించుకుంటాడు, అంతే. ‘ఒరేయ్, రాత్రి నిద్ర పట్టిందా?’ అంటే జవాబు చెప్తాడు. అతను తేరుకునేదాకా నగదు, నాయన ఫోన్, ఫోన్‌పే పిన్ అతని చేతికి ఇవ్వొద్దు.

పెళ్లి మాట మాత్రం వద్దే వద్దు. వేరే ఇంటి పిల్లను తెచ్చి మన ఇంటి రోగానికి మందుగా వాడటం పాపం. నాయనకు ఈ మాట నా మాటగానే చెప్పండి.

గంజాయి మాన్పించే మాత్ర అంటూ లేదు. కౌన్సెలింగే అసలు చికిత్స, నిద్రకూ ఆందోళనకూ అవసరమైతే డాక్టరు మందు రాస్తారు. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446, మానసిక సమస్యలకు టెలీ మానస్ 14416, రెండూ ఉచితమే. పోలీసు కేసవుతుందని నాయన భయపడొచ్చు. 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. తనంతట తానే ప్రభుత్వ, లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వచ్చినవాడికి, తాగినందుకు కేసు నుంచి రక్షణ ఇస్తుంది. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్లకు ఇది వర్తించదు, కాబట్టి ఎవరికైనా ప్యాకెట్లు చేరవేస్తున్నాడేమో నెమ్మదిగా కనుక్కోండి. ఎవరో తనను వెంబడిస్తున్నారని అనుమానపడినా, లేని గొంతులు వినపడుతున్నాయన్నా ఒక్క రోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఓపీకి మీరే తోడు వెళ్లండి, నాయనను ఆ రోజుకు ఇంట్లోనే ఉండమనండి. లోపల తమ్ముడినే మాట్లాడనివ్వండి. మొదటిసారి ‘వారానికోసారే సార్’ అని అబద్ధం చెప్తాడు. మీరు సరిదిద్దకండి, డాక్టరుకు అది అలవాటే.