వాసన సంగతి తర్వాత, ముందు ఆ మాత్రలు ఎందుకు ఆపేశారు?

ప్రశ్న: నా వయసు 26. యాంగ్జయిటీకి డాక్టర్ రాసిన ఎస్‌సిటలోప్రామ్ 10 ఎంజీ ఎనిమిది నెలలు వాడి, మూడు వారాల క్రితం నేనే ఆపేశాను. బదులుగా ఫ్రెండ్ చెప్పిన జాక్ హెరర్ అనే గంజాయి రకం సాయంత్రాలు తాగుతున్నాను. పైన్, నిమ్మతొక్క, మిరియాలు కలిసిన వాసన. గంజాయిలో సటైవా, ఇండికా అని రెండు రకాలట, ఇందులో సటైవా వాటా ఎక్కువ కాబట్టి మత్తు ఉండదు, బుర్ర చురుగ్గా ఉంటుంది అంటారు. కానీ గుండె దడగా ఉంటోంది, రాత్రి రెండింటిదాకా నిద్ర రావడం లేదు. మా అన్నయ్య స్కిజోఫ్రీనియాకు మందులు వాడుతున్నాడు. ఇండికా కన్నా సటైవా నయమేనా? ఏ వాసన ఉన్న రకమైతే దడ తగ్గుతుంది?

జవాబు: మీరు అడిగిన దానికి తర్వాత వస్తాను. మాత్రలు సొంతంగా ఆపేయడం, మీ అన్నగారి జబ్బు, ఈ రెండూ నన్ను ఎక్కువ ఆందోళన పెడుతున్నాయి.

ఎస్‌సిటలోప్రామ్ లాంటి మందును ఒక్కసారిగా ఆపితే కొద్ది రోజుల్లోనే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలలో కరెంట్ షాక్ కొట్టినట్టు ఉండటం మొదలవ్వవచ్చు. కొందరిలో వారాల తరబడి ఉంటాయి. పాత యాంగ్జయిటీ తిరగబెట్టినా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. దాని మీద గంజాయి కూడా చేరితే ఏది దేనివల్లో పరీక్ష చేసే డాక్టర్‌కు కూడా తేల్చడం కష్టం. బాగున్నామనిపించగానే మాత్ర మానేయడం నేను రోజూ చూస్తున్నాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది. మీరు బాగున్నది ఆ మాత్ర పనిచేస్తున్నందువల్లే కావచ్చు. మానాలనుకుంటే డోసు మెల్లగా తగ్గించే పద్ధతి ఉంది. ఒక్క ఫోన్ చేసి అడగాల్సింది. అలాగని ఇప్పుడు మీ అంతట మీరే మళ్లీ మొదలుపెట్టకండి, డోసు డాక్టర్ చెప్పాలి.

దడ విషయానికొస్తే, గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ పొగతో లోపలికి వెళ్లిన నిమిషాల్లోనే గుండె వేగాన్ని పెంచుతుంది. నిమిషానికి 20 నుంచి 50 సార్లు అదనంగా కొట్టుకోవచ్చు. తక్కువ మోతాదులో మనసు తేలికపడినట్టు అనిపించినా, మోతాదు పెరిగితే అదే టీహెచ్‌సీ గాబరా పుట్టిస్తుంది. యాంగ్జయిటీ ఉన్నవాళ్లలో ఆ గీత ఎక్కడుందో ముందే తెలియదు.

ఇక మీ అన్నగారి సంగతి. తోడబుట్టిన వాళ్లకు స్కిజోఫ్రీనియా ఉంటే మీకూ ముప్పు మామూలు వాళ్లకన్నా ఎక్కువ. యూరప్, బ్రెజిల్‌లలో జరిపి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, టీహెచ్‌సీ 10 శాతం, ఆపైన ఉన్న గంజాయిని రోజూ తాగేవాళ్లలో సైకోసిస్ (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాల్లాంటి స్థితి) ముప్పు అసలు తాగని వాళ్లతో పోలిస్తే దాదాపు 5 రెట్లు కనిపించింది. ఇది మీకు వచ్చి తీరుతుందని అనడం లేదు. కానీ మీ కుటుంబ చరిత్ర ఉన్నవారికి ఏ డాక్టరూ ‘పర్లేదు, తాగండి’ అని చెప్పకూడదని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ ప్రశ్న. జాక్ హెరర్ 1990లలో నెదర్లాండ్స్‌లో తయారైన హైబ్రిడ్. సటైవా వైపు మొగ్గే హేజ్‌ను నార్తర్న్ లైట్స్, శివ స్కంక్ రకాలతో కలిపారు. నార్తర్న్ లైట్స్ ఇండికా వైపుది, అంటే సటైవా అని పిలిచే దాంట్లోనూ ఇండికా వాటా ఉంది. పేర్లనైనా నమ్మవచ్చా అంటే, కెనడా పరిశోధకులు 2015లో జన్యువులు పోల్చి చూసినప్పుడు ఒకే పేరున్న నమూనాలు కొన్ని వేరే పేరున్న వాటికే దగ్గరగా తేలాయి. మీ ఫ్రెండ్ చెప్పిన పేరే మీ చేతిలో ఉన్నదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

వాసన టర్పీన్లనే పదార్థాల వల్ల వస్తుంది. ఈ రకంలో టెర్పినోలీన్ ఎక్కువ. పైన్ వాసన పైనీన్‌ది, ఘాటు క్యారియోఫిలీన్‌ది, నల్ల మిరియాల్లోనూ అది ఉంటుంది. నిమ్మ వాసననిచ్చే లిమోనీన్‌ను విడిగా, కొలిచి కలిపి ఇస్తే టీహెచ్‌సీ గాబరా కొంత తగ్గిందని 2024లో ఒక చిన్న ప్రయోగంలో తేలిన మాట నిజం. కానీ మామూలు మొక్కలో అంత లిమోనీన్ ఉండదు. అసలు టీహెచ్‌సీకి వాసనే లేదు. 8 శాతం ఉన్నదీ 22 శాతం ఉన్నదీ ముక్కుకు ఒకేలా అనిపించవచ్చు. కాబట్టి వాసన చూసి దడ తగ్గించే రకాన్ని ఎంచుకోవడం కుదరదు. ‘చురుగ్గా’ అన్నది కూడా అనిపించడం వరకే. ఏ రకమైనా టీహెచ్‌సీ ప్రభావంలో ఉన్న గంటల్లో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తగ్గుతాయి. అప్పుడు బండి నడపకండి.

చూడకుండా ఇంతకన్నా గట్టిగా చెప్పలేను. గంజాయి ఆపండి. ఆపిన మొదటి వారం నిద్ర ఇంకా చెడవచ్చు, చిరాకు పెరగవచ్చు, చాలామందికి రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. దడ వచ్చినప్పుడు మణికట్టు మీద వేళ్లు పెట్టి నిండా ఒక నిమిషం నాడి లెక్కపెట్టి, టైమ్‌తో సహా రాసుకోండి. ఈ వారంలోనే ఆ మందు రాసిన డాక్టర్‌ను కలవండి. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు అవసరమవుతాయనుకుంటున్నాను. గంజాయి మాట దాచి దడకు మందు అడిగితే చికిత్స దారి తప్పుతుంది, సిగ్గుపడకుండా చెప్పేయండి. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, అందరూ మీ మీద కక్షగట్టారన్న అనుమానం, చనిపోవాలన్న ఆలోచన, వీటిలో ఏది ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి, ఒంటరిగా కాకుండా ఎవరినైనా తోడు తీసుకుని.