డిటెక్టర్ కొనే ముందు ఇది చదువు

చిన్నా, ముల్లు మీటర్ ఉన్న పాత మెటల్ డిటెక్టర్ సగం ధరకే వస్తోంది, తీసుకోనా బాబాయ్ అని అడిగావు కదా. తీసుకోకు. నువ్వు బంగారం వెతుకుతూ తిరగాలనుకుంటున్నది ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలోని బెండిగో చుట్టుపక్కల పాత బంగారు గనుల నేలల్లో, అక్కడ మట్టిలో ఇనుము ఎక్కువ, పాత మెషీన్ అయితే నాలుగడుగులు వేస్తే చాలు నాబ్ తిప్పి మళ్లీ సరిచేసుకోవాలి, కొత్తగా నేర్చుకునేవాడికి అక్కడే విసుగొస్తుంది. సెకండ్ హ్యాండ్‌లోనైనా సరే డిజిటల్‌దే చూడు, మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 దొరికితే మంచిది, అందులో గోల్డ్ మోడ్ ఉంది.

కానీ కింద ఉన్నది ఏ లోహమో సూచిస్తూ తెర మీద పడే నంబర్ చూసి తవ్వాలా వద్దా అని మాత్రం తేల్చుకోకురా. ఆ మెషీన్‌లో నంబర్లు -9 నుంచి 40 దాకా ఉంటాయి, సున్నా, ఆ కిందవి ఇనుముకి, పెద్దవి వెండి లాంటి వాటికి. చిన్న బంగారు ముక్కకీ, చాక్లెట్ చుట్టే రేకుకీ పడేవి దాదాపు అవే చిన్న నంబర్లు! రేకేలే అని వదిలేస్తూ పోతే బంగారాన్నీ వదిలేస్తావు. లోతుగా ఉన్నదైతే ఆ మట్టిలో ఇనుమని కూడా చూపించేస్తుంది.

ముల్లు మీటర్‌లో నాకు నచ్చేది ఒకటుంది, అది కదలికను కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. కాయిల్‌ని, అంటే కర్ర చివరన ఉండే గుండ్రటి పళ్లేన్ని, నేలకి తగిలీ తగలనట్టు ఒకే ఎత్తులో అటూ ఇటూ ఊపితే, నాణెం మీద ముల్లు ప్రతిసారీ ఒకే చోటికి లేస్తుంది, తుప్పు పట్టిన సీసా మూత మీద ఊగిసలాడుతుంది. డిజిటల్‌లోనూ అదే చూడు: 24, 25, 24 అని వస్తే నిలకడ, 8, 21, -3 అని గెంతుతుంటే అనుమానం. అప్పుడు పక్కకి తిరిగి అడ్డంగా ఇంకోసారి ఊపు. చిన్న నంబరే అయినా నిలకడగా ఉంటే తవ్వాల్సిందే, బద్ధకించకు.

హెడ్‌ఫోన్స్ తప్పకుండా పెట్టుకో, నంబర్ కన్నా శబ్దమే ముఖ్యం. మైన్‌ల్యాబ్ ఎస్‌డీసీ 2300 అని బంగారం కోసమే చేసిన మెషీన్‌కి అసలు నంబర్ల తెరే లేదు, అంతా శబ్దమే. 1980లో విక్టోరియాలోనే కింగోవర్ అనే ఊరి దగ్గర డిటెక్టర్‌తో 27 కిలోల బంగారు ముద్ద దొరికింది కూడా నంబర్ చూసి కాదు.

వెళ్లేముందు మైనర్స్ రైట్, అంటే బంగారం వెతుక్కోవడానికి ఇచ్చే అనుమతి పత్రం, తీసుకో, విక్టోరియాలో అది పదేళ్లు చెల్లుతుంది. తవ్విన గుంతలన్నీ పూడ్చి రా.