గేమింగ్ డెస్క్‌టాప్: వైజాగ్‌లో ఉండేవాళ్లకి బ్రాండెడ్ మేలా, అసెంబుల్డ్ మేలా?

మూడు లక్షల్లో 4కే గేమింగ్‌కి డెస్క్‌టాప్ కావాలి, ఇల్లు ఎంవీపీ కాలనీలో, నాన్నగారేమో వారంటీ ఉంటుంది బ్రాండెడ్ తీసుకోమంటున్నారు, స్నేహితులేమో పార్టులు కొని అసెంబుల్ చేసుకోమంటున్నారు అని అడిగారు. ధర గురించి, స్పీడు గురించి ఎవరైనా చెబుతారు. నా దృష్టిలో మన ఊళ్లో దీన్ని తేల్చేది వేరే ప్రశ్న. నాలుగేళ్ల తర్వాత ఒక పార్టు పోతే ఇక్కడే, ఆ వారంలోనే మార్చుకోగలరా? దానికి అవునని జవాబు రావాలంటే అన్ని షాపుల్లో దొరికే ప్రామాణిక పార్టులతో అసెంబుల్ చేసుకోవడమే దారి. బిగించే ఓపిక లేకపోతే లిస్టు మీరే రాసి షాపువాళ్ల చేత చేయించుకోండి. చాలామంది ఈ మూడో దారిని లెక్కలోకే తీసుకోరు.

మా అన్నయ్య ఒక పెద్ద కంపెనీ గేమింగ్ టవర్ కొన్నాడు. వారంటీ ఉన్నన్నాళ్లూ లోటు లేదు, ఫోన్ చేస్తే ఇంటికొచ్చి చూసేవారు. వారంటీ దాటాక ఒక వానాకాలంలో పవర్ సప్లై పోయింది. ద్వారకానగర్ షాపులన్నీ తిరిగాం. ఎక్కడైనా దొరికే, ఏటీఎక్స్ అనే ప్రామాణిక కొలతలో ఉండే పవర్ సప్లై అందులో పట్టదు. డబ్బా కొలత వేరు, మదర్‌బోర్డు మీద కనెక్టర్ వేరు. ఆ కంపెనీ పార్టే కావాలి, అది వేరే ఊరి నుంచి రావాలి. బోర్డే మార్చేద్దామంటే అదీ వాళ్ల సొంత ఆకారమే, మామూలు క్యాబినెట్‌లో కూర్చోదు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు నిక్షేపంగా ఉన్నా మిషను మాత్రం మూలన పడి ఉంది. అన్ని కంపెనీలూ ఇలా చేయవు, మామూలు పార్టులే వాడేవాళ్లూ ఉన్నారు. అందుకే కొనేముందు "పవర్ సప్లై ఏటీఎక్సేనా? బోర్డు విడిగా మార్కెట్లో దొరికేదేనా?" అని అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. తిన్నగా చెప్పకపోతే ఆ మోడల్ వదిలేయండి.

సముద్రపు గాలి సంగతి హైదరాబాద్, బెంగళూరు వాళ్లు చేసే వీడియోల్లో ఉండదు, మనకి మాత్రం అదే ముఖ్యం. గాల్లో వచ్చే ఉప్పు సన్నటి దుమ్ములా బోర్డు మీద చేరుతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఆ ఉప్పు తేమను పీల్చుకుని తడిసిపోతుంది. తడి ఉప్పులోంచి కరెంటు పారుతుంది, లోహాన్ని తుప్పు తినేస్తుంది. మన దగ్గర వానాకాలంలో ఆ తేమ మామూలే. నేనుండేది లాసన్స్ బే వైపు. కిటికీ పక్కన పెట్టిన క్యాబినెట్‌లో స్క్రూలకి, గ్రాఫిక్స్ కార్డు వెనక పట్టీకి తుప్పు రావడం కళ్లారా చూశాను. నడుస్తున్న మిషను లోపల వెచ్చగా, పొడిగా ఉంటుంది. వారాల తరబడి ఆపేసి ఉంచినదానికే ఎక్కువ ముప్పు. కాబట్టి వానల్లో రోజూ కాసేపైనా ఆన్ చేయండి. సముద్రం వైపు కిటికీకి దూరంగా పెట్టండి. క్యాబినెట్ కొనేటప్పుడు ముందువైపు విప్పి కడుక్కోగలిగే ఫిల్టరు ఉన్నది చూడండి. గాలిని లోపలికి లాగే ఫ్యాన్లు బయటికి తోసేవాటికంటే ఎక్కువ పెడితే, గాలి సందుల్లోంచి కాకుండా ఫిల్టరు గుండానే వస్తుంది. చాలా వారంటీ షరతుల్లో తుప్పుని మినహాయిస్తారు, అది కూడా చదవండి. నాన్నగారు నమ్ముకున్న వారంటీ ఈ విషయంలో అక్కరకి రాకపోవచ్చు.

ఇంతకీ అసెంబుల్డ్‌కి వారంటీ లేదనుకోవడం పొరపాటు. ఒక్కో పార్టుకీ విడిగా ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డుకి ఎక్కువగా మూడేళ్లు, మంచి ఎస్ఎస్‌డీకి ఐదు, మంచి పవర్ సప్లైకి ఏడు, పది ఏళ్లు కూడా ఇస్తారు. కాకపోతే ఏది పోయిందో మీరే కనిపెట్టి సర్వీస్ సెంటర్‌కి పంపాలి, అది తిరిగొచ్చేదాకా ఆగాలి. ఇది నిజమైన ఇబ్బందే. ప్రతి పార్టు సీరియల్ నంబరూ రాసిన జీఎస్టీ బిల్లు మీ పేరు మీద తీసుకోండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోకండి.

బ్రాండెడ్ ప్రకటనల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు పేర్లు పెద్దక్షరాల్లో ఉంటాయి. పవర్ సప్లై ఎవరిదో, ర్యామ్ ఒక స్టిక్కా రెండా, కూలర్ ఏమిటో చాలాసార్లు ఉండదు. ఖర్చు తగ్గించేది అక్కడే. ఆర్‌టీఎక్స్ 5080 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 360 వాట్లు తీసుకుంటుంది, దాన్ని చేసే ఎన్విడియా 850 వాట్ల పవర్ సప్లై పెట్టమంటుంది. 5090కైతే 575 వాట్లు, కనీసం 1000 వాట్లది కావాలి. ఇంత పవర్ ఒక చిన్న 16 పిన్నుల కనెక్టర్ గుండా వెళ్తుంది. 2022లో ఎన్విడియా 4090 కార్డు వచ్చినప్పుడు ఈ కనెక్టర్లు కరిగిన ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. తర్వాత దాన్ని సవరించారు, అయినా పూర్తిగా లోపలికి నొక్కడం, కనెక్టర్ మొదట్లోనే వైరుని వంచకుండా ఉండటం తప్పనిసరి. బ్రాండెడ్ కొన్నా మూత తీసి ఇది ఒకసారి చూడండి, రవాణాలో కదిలే అవకాశం ఉంది. ఆఫర్లో 13, 14 తరం ఇంటెల్ ఐ7, ఐ9 ఉన్న మిషను కనిపిస్తే బయాస్ (మదర్‌బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయిందో లేదో అడగాలి. వాటి వోల్టేజీ సమస్యకి ఇంటెల్ 2024లో సవరణ ఇచ్చింది.

బ్రాండెడ్‌కి ఇప్పుడు నిజంగా కలిసొస్తున్న విషయం ఒకటుంది. 2025 చివర్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా లాగేసుకుంటున్నాయి. పాత ధరకి స్టాకు పెట్టుకున్న కంపెనీ మిషను ఒక్కోసారి విడి పార్టుల మొత్తం కంటే చవక పడుతుంది. అందుకని పోయిన ఏడాది వీడియోలోని లిస్టు చూడకుండా, ఈ రోజు ధరలతో కూడండి. ఆఫీసు పని కూడా దాని మీదే చేస్తూ, ఒక్కరోజు ఆగినా కష్టం అనేవాళ్లకి ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ ఉన్న బ్రాండెడ్డే సరైనది. మీరు గేమింగ్‌కే అన్నారు కాబట్టి నేను అటు మొగ్గడం లేదు.

స్వయంగా బిగిస్తే భయపడాల్సినవి కొద్దే. ఇప్పటి ఏఎండీ ప్రాసెసర్లు కూర్చునే ఏఎం5 బోర్డులో పిన్నులు సాకెట్లోనే ఉంటాయి, వేలు తగిలి వంగితే వారంటీ ఇవ్వరు, అక్కడ మాత్రం నిదానంగా ఉండండి. మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉంటుంది, బోర్డు ర్యామ్‌ని సరిచూసుకుంటుంది. టెన్షన్ పడి స్విచ్ ఆపేయకండి. తర్వాత బయాస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగు) ఆన్ చేయాలి, లేకపోతే 6000 స్పీడు ర్యామ్ కొని 4800 దగ్గరే నడుపుతారు. మానిటర్ వైరు బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టండి.

యూపీఎస్‌కి కూడా డబ్బు పక్కన పెట్టుకోండి. షాపుల్లో చేతికిచ్చే 600 వీఏది మామూలుగా 360 వాట్లే మోస్తుంది, గేమ్ మధ్యలో కరెంటు పోతే అదీ పోతుంది. 5080 మిషనుకి కనీసం 1000 వాట్లు మోసే, ప్యూర్ సైన్ వేవ్ (గోడ ప్లగ్గులో వచ్చేలాంటి కరెంటు) ఇచ్చేది చూడండి. ముందుగా ఎలక్ట్రీషియన్ చేత ఆ ప్లగ్గుకి ఎర్తింగ్ సరిగా ఉందో చూపించండి.

కావాల్సిన కార్డు ఇక్కడ దొరకకపోతే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్లో అడగొచ్చు. అక్కడే మొత్తం అసెంబుల్ చేయించి కొరియర్‌లో వేయించకండి, బరువైన గ్రాఫిక్స్ కార్డు కుదుపులకి స్లాటుని విరిచేస్తుంది. కార్డు విడిగా దాని పెట్టెలోనే తీసుకుని, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో మీతో పాటే తెచ్చుకుని ఇంట్లో బిగించండి.