ఎక్స్‌రేలో పాత మచ్చ ఉంటే వీసా ఆగిపోతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. అమెరికాలో ఉన్న భర్త దగ్గరికో భార్య దగ్గరికో ఇమ్మిగ్రెంట్ వీసా మీద వెళ్లబోతున్నవాళ్లు, ఐ-130 (అక్కడున్నవాళ్లు తమ మనిషి కోసం పెట్టే అర్జీ) అప్రూవ్ అయి, కాగితాలు సరిచూసే నేషనల్ వీసా సెంటర్‌లో పత్రాలన్నీ గట్టెక్కాక, చివర మిగిలిన రెండు రోజుల గురించి అడుగుతున్నారు. మెడికల్ రోజు, అంటే వీసా కోసం చేసే ఆరోగ్య పరీక్ష రోజు, ఇంకా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ రోజు. నేనూ ఆ దారిలోనే మా ఆయన దగ్గరికి వచ్చాను. ఆ రోజుల ముందు రాత్రి నిద్ర పట్టకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, అందుకే కొన్నిటికి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, నాకు పదహారేళ్లప్పుడు టీబీ వచ్చింది. ఆరు నెలలు మందులు వాడాను, పూర్తిగా తగ్గిపోయింది. ఈ సంగతి మా ఆయనకు గానీ అత్తగారివాళ్లకు గానీ తెలియదు. వచ్చే నెల మెడికల్. డాక్టరు అడిగితే ఏ జబ్బూ రాలేదని చెప్పేయమని మా అమ్మ అంటోంది. నిజం చెబితే వీసా పోతుందా?
(పేరు వేయవద్దన్న పాఠకురాలు)

జవాబు: అమ్మా, చెప్పండి. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన టీబీ వల్ల వీసా పోదు. అమెరికావాళ్లు చూసేది ఇప్పుడు, ఈ రోజున, పక్కవాళ్లకు అంటుకునే స్థితిలో జబ్బు ఉందా లేదా అని. అలా ఉన్నా అది శాశ్వతంగా తలుపు మూసేయడం కాదు, మందులు పూర్తిగా వాడి నయమయ్యాక మళ్లీ కదులుతుంది.

పదిహేనేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. పాత టీబీ చాలామందిలో ఊపిరితిత్తి మీద చిన్న మచ్చను వదిలి వెళ్తుంది, అది చూడగానే తెలిసిపోతుంది. మీరు లేదన్నారు, ఎక్స్‌రే ఉందంది, అప్పుడు ఆ డాక్టరు దేన్ని నమ్మాలి? ఆరోగ్యం గురించి అడిగిన ప్రశ్నకు తెలిసి తెలిసి అబద్ధం చెప్పారని తేలితే, జబ్బు కంటే ఆ అబద్ధమే పెద్ద కేసవుతుంది. వీసా కోసం ముఖ్యమైన విషయం దాచినవాళ్లను జీవితాంతం రానివ్వకుండా చేసే సెక్షన్ వాళ్ల చట్టంలో ఉంది. అమ్మగారు మీ మీద ప్రేమతోనే ఆ మాట అని ఉంటారు, కాదనను, కానీ ఈ ఒక్క విషయంలో ఆవిడ మాట వినకండి.

ఇప్పుడు చేయాల్సిన పని చెబుతాను. అప్పట్లో వాడిన మందుల చీటీలు, డిశ్చార్జి సమ్మరీ, మందుల కోర్సు పూర్తయిందని రాసిన కాగితం, పాత ఎక్స్‌రే ఫిల్ములు, ఏది దొరికితే అది వెతకండి. పాత ఫిల్ము చాలా విలువైనది, ఎందుకంటే అప్పటి మచ్చ, ఇప్పటి మచ్చ పక్కపక్కన పెట్టి చూస్తే పెరగలేదని తెలుస్తుంది. ఏమీ దొరక్కపోతే, అప్పట్లో చూసిన డాక్టరు దగ్గరికి వెళ్లి ఒక ఉత్తరం రాయించుకోండి.

మచ్చ కనబడితే కళ్లె పరీక్షకు పంపుతారు. వరసగా మూడు రోజులు, పొద్దున్నే, శాంపిల్ ఇవ్వాలి. దాన్ని మైక్రోస్కోపులో చూడటమే కాకుండా కల్చర్‌కు కూడా పెడతారు, ఆ కల్చర్ ఫలితం రావడానికి ఎనిమిది వారాల దాకా పడుతుంది. అందరినీ ఏడిపించేది ఈ ఎనిమిది వారాలే. ఏదో ఘోరం జరిగిపోయినట్టు ఇంట్లో అందరూ మాట్లాడుకుంటారు, నిజానికి సూక్ష్మజీవి పెరగడానికి పట్టే టైమ్ అది, అంతే. కాబట్టి ఇంటర్వ్యూకి మూడు రోజుల ముందు మెడికల్ పెట్టుకోకండి, ఇంటర్వ్యూ ఉత్తరం అందిన వెంటనే అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఇంకో సంగతి, మామూలుగా మెడికల్ ఆరు నెలలు చెల్లుతుంది, టీబీ విషయంలో క్లాస్ బి1 అని, అంటే జబ్బు ఆనవాళ్లున్నా ఇప్పుడు అంటుకునే స్థితి లేదని, రాస్తే మూడు నెలలే. వీసా గడువు కూడా దానికి లోబడే ఉంటుంది గనక, ప్రయాణం త్వరగా పెట్టుకోవాలి.

ఇక మీ ఆయన సంగతి. మెడికల్ రిపోర్టు ఆ డాక్టరు దగ్గర్నుంచి కాన్సులేట్‌కు వెళ్తుంది, మీ అత్తగారింటికి కాదు. కానీ కల్చర్‌కు పెడితే రెండు నెలలు ఎందుకు ఆగిందో ఆయన అడుగుతారు కదా. అప్పుడు సగం సగం చెప్పడం కన్నా ఇవాళే ఫోన్ చేసి, పదహారేళ్లప్పుడు ఇలా జరిగింది, తగ్గిపోయింది, మెడికల్‌లో ఈ ప్రశ్న వస్తుంది అని మీ నోటితో చెప్పండి. టీబీ తప్పు కాదమ్మా. ఆరు నెలలు ఒక్క రోజు మానకుండా మందులు మింగి తగ్గించుకున్న పిల్లవి మీరు, అందులో తల దించుకోవాల్సింది ఏముంది?

ప్రశ్న: మేడమ్, రెండేళ్లుగా డిప్రెషన్‌కు మాత్రలు వాడుతున్నాను. షుగర్ కూడా ఉంది. మెడికల్‌కు ముందు మాత్రలు ఆపేస్తే రక్తంలో కనబడదని ఎవరో చెప్పారు.

జవాబు: ఆపకండి. డాక్టరును అడక్కుండా ఆ మాత్రలు హఠాత్తుగా ఆపితే వచ్చే ఇబ్బందులు వీసా ఇబ్బందుల కన్నా పెద్దవి. మానసిక ఆరోగ్యం విషయంలో వాళ్లు అడిగేది, ఆ జబ్బు వల్ల మీకు గానీ ఇతరులకు గానీ హాని జరిగే ప్రవర్తన ఉందా, మళ్లీ జరిగే అవకాశం ఉందా అని. డిప్రెషన్ అన్న పేరు ఉన్నంత మాత్రాన కాదనరు. మీ డాక్టరు దగ్గర జబ్బు పేరు, మందులు, ఇప్పుడు ఎలా ఉన్నారు అన్నది ఒక పేజీలో రాయించుకుని తీసుకెళ్లండి. షుగర్ లాంటి దీర్ఘకాలిక జబ్బులకు వైద్యం ఖర్చు ఎవరు చూసుకుంటారని ఆఫీసరు అడగవచ్చు. మీవారి ఆదాయం కాగితాలతోపాటు, ఉద్యోగం ద్వారా వచ్చే హెల్త్ ఇన్సూరెన్స్‌లో మిమ్మల్ని చేర్చుకోగలరన్న రుజువు ఉంటే దగ్గర పెట్టుకోండి. ఇదే కోవలో హెచ్‌ఐవీ గురించి కూడా ఒకరు భయపడుతూ రాశారు, ప్రవేశాన్ని అడ్డుకునే జబ్బుల జాబితా నుంచి దాన్ని 2010 జనవరిలోనే తీసేశారు.

ప్రశ్న: అక్కా, నాకు ఇప్పుడు నాలుగో నెల. ఎక్స్‌రే, టీకాలు అంటే భయమేస్తోంది. చిన్నప్పటి టీకాల కార్డు కూడా లేదు. మా ఆయన అమెరికా సిటిజన్.

జవాబు: ముందుగా శుభాకాంక్షలు! అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే గర్భవతినని చెప్పండి, లోపలికి వెళ్లాక ఎక్స్‌రే గది ముందు మళ్లీ చెప్పండి. మీ ముందు రెండు దారులుంటాయి. పొట్టకు సీసపు కవచం కప్పి, మీ సంతకం తీసుకుని ఎక్స్‌రే తీయడం ఒకటి, కాన్పు అయ్యేదాకా మెడికల్ వాయిదా వేసుకోవడం ఇంకొకటి. ఏది చేయాలో మిమ్మల్ని చూస్తున్న గైనకాలజిస్టుతో మాట్లాడి నిర్ణయించుకోండి, టికెట్లు బుక్ చేసిన బంధువులతో కాదు. టీకాల్లో తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు కలిపి ఇచ్చే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా ఈ రెండూ గర్భంతో ఉన్నప్పుడు వేయరు. వేయకూడని స్థితి అని డాక్టరు ఫారంలో రాస్తారు, దానికి విడిగా మీరు ఏ అర్జీ పెట్టుకోనక్కర్లేదు.

కార్డు లేకపోయినా పరవాలేదు. ఒక టీకా రెండు మూడు డోసులు ఉన్నా, వీసా కోసం అన్నీ పూర్తి చేయాల్సిన పని లేదు, ఆ రోజుకు వేయదగిన డోసు వేస్తారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి, ఆ టీకా అవసరం లేకపోవచ్చు.

బిడ్డ సంగతి మీరు అడగలేదు గానీ చెప్పాలి. వీసా రాకముందే ఇక్కడ కాన్పు అయితే, అమెరికా సిటిజన్ భార్యకు వచ్చే వీసాలో బిడ్డ పేరు దానంతట అదే చేరదు. అయితే మీ ఆయన బిడ్డ పుట్టేనాటికి మొత్తం ఐదేళ్లు, అందులో పద్నాలుగేళ్లు నిండాక రెండేళ్లు, అమెరికాలో ఉండి ఉంటే బిడ్డ పుట్టుకతోనే అమెరికా పౌరసత్వం పొందుతుంది. కాన్సులేట్‌లో ఆ జననాన్ని నమోదు చేయించి పాస్‌పోర్టు తీసుకోవచ్చు. ఆయన అక్కడ ఉన్నట్టు రుజువులు, అంటే స్కూలు సర్టిఫికెట్లు, టాక్స్ కాగితాలు, ఇప్పటినుంచే పోగుచేయమనండి.

ప్రశ్న: నమస్తే మేడమ్. పెళ్లయి పద్దెనిమిది నెలలు. మేమిద్దరం కలిసి ఉన్నది మొత్తం ఇరవై ఆరు రోజులు. ఇంటర్వ్యూలో ఇది దొంగ పెళ్లి అనుకుంటారేమో. ఇంగ్లీషు కూడా అంతంతమాత్రం. ఎవరో నూట ఇరవై ప్రశ్నల లిస్టు పంపారు, బట్టీ పడుతున్నాను.

జవాబు: ఆ లిస్టు పక్కన పడేయండి. బట్టీ పట్టిన జవాబు వినగానే తెలిసిపోతుంది, పైగా మీ జీవితం గురించి మీకు తెలియనిదేముంది?

ఆ రోజు జరిగేది ఇది. లోపలికి వెళ్లాక ఒరిజినల్ పత్రాలు తీసుకుంటారు, వేలిముద్రలు తీసుకుంటారు, తర్వాత అద్దం కిటికీ ముందు నిలబెట్టి, కుడిచెయ్యి ఎత్తి నిజమే చెబుతానని ప్రమాణం చేయిస్తారు. నాతో మాట్లాడింది పది నిమిషాలు కూడా లేదు. ఎలా పరిచయం, పెళ్లి ఎప్పుడు, పెళ్లికి ఎవరెవరు వచ్చారు, ఆయన ఏం పని చేస్తారు, ఆయన చివరిసారి ఎప్పుడు వచ్చారు, అక్కడ ఎవరితో ఉంటున్నారు, ఇలాంటివే. ఇంగ్లీషు రాకపోతే వీసా ఇవ్వరన్న నిబంధన ఏదీ లేదు, మీకు బాగా వచ్చిన భాషలో మాట్లాడతానని మొదట్లోనే అడగండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనండి. అర్థం కాకుండా తలూపడమే ప్రమాదం.

ఇరవై ఆరు రోజులు తక్కువే, కానీ పద్దెనిమిది నెలల కాపురం ఫోన్లలోనే నడిచిందంటే దానికీ ఆనవాళ్లుంటాయి కదా. వందల పేజీల చాట్ ప్రింట్లు తీసుకెళ్లి ఎవరికీ చూపించలేరు. నెలకు ఒకటి రెండు కాల్ లాగ్ పేజీలు, ఆయన వచ్చి వెళ్లిన టికెట్లు, పాస్‌పోర్టు ముద్రలు, పంపిన డబ్బు వివరాలు, నామినీగా మీ పేరు పెట్టిన కాగితం, రెండు కుటుంబాలూ కనబడే పది పదిహేను ఫొటోలు, వెనకాల తేదీ రాసి. ఇవి చాలు.

ముందు రోజు రాత్రి చేయాల్సింది ఒకటే ఉంది, ఐ-130, మీరు నింపిన వీసా దరఖాస్తు డీఎస్-260 కాపీలు తీసి మొదటినుంచి చివరిదాకా చదువుకోండి. నేను అలా చదివినప్పుడే ఉద్యోగం మానేసిన నెల రెండు ఫారాల్లో రెండు రకాలుగా ఉందని చూశాను. రాత్రంతా ఏడ్చాను. పొద్దున కిటికీ దగ్గర వాళ్లు అడగకముందే, ఇక్కడ నెల తప్పు రాశాను, సరైనది ఇది అని చెప్పాను, ఆఫీసరు సరిచేసుకున్నారు, అంతటితో అయిపోయింది. మెడికల్ సెంటర్‌లో ఇచ్చిన టీకాల కాపీ కూడా అక్కడే నిలబడి చదవండి, నా దాంట్లో పుట్టిన తేదీ తప్పు పడింది, అప్పుడే చూడకపోతే ఆ రిపోర్టు అలాగే వెళ్లిపోయేది. సీలు వేసిన కవరు ఇస్తే మాత్రం విప్పకండి.

మీకు ఇంకో లెక్క ఉంది. అమెరికాలో అడుగుపెట్టే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే మీది సీఆర్1 రకం వీసా, దాంతో వచ్చేది రెండేళ్ల షరతులతో కూడిన గ్రీన్ కార్డు. అది అయిపోయే ముందు తొంభై రోజుల్లో ఆ షరతులు తీసేయమని ఇద్దరూ కలిసి ఐ-751 ఫారం పెట్టుకోవాలి. నిండితే ఐఆర్1 రకం, పదేళ్ల కార్డు. వీసా మీద సీఆర్1 అని ఉన్నా, దిగే రోజుకు రెండేళ్లు దాటితే ఎయిర్‌పోర్టులో ఆఫీసరుకు పెళ్లి సర్టిఫికెట్ చూపించి మార్చమని అడగండి. వీసా గడువు ఉంటే కొద్ది వారాలు ఆగి వెళ్లడం మీకు లాభమేనేమో ఇద్దరూ కూర్చుని చూసుకోండి.

ప్రశ్న: అక్కా, నేను అమెరికాలో ఉంటాను. నా భార్య ఇంటర్వ్యూ అయింది, 221(జి) అని రాసిన కాగితం ఇచ్చారు. ఆన్‌లైన్‌లో చూస్తే రెఫ్యూజ్డ్ అని ఉంది. ఆమె మూడు రోజులుగా అన్నం తినడం లేదు. అంతా అయిపోయినట్టేనా?

జవాబు: లేదు తమ్ముడూ. 221(జి) అంటే ఏదో పత్రమో ఇంకాస్త పరిశీలనో మిగిలి ఉందని. దాని కింద ఆగిన ప్రతి కేసుకూ ఆన్‌లైన్‌లో ఆ మాటే కనబడుతుంది, ఆ పదం చూసి ఎంతమంది కుప్పకూలిపోయారో! ఆ కాగితంలో ఏ గడికి టిక్ పెట్టారో, ఏ పత్రం అడిగారో చూడండి. మీ ఉత్తరంలో ఆదాయం తక్కువని రాశారు, కాబట్టి జాయింట్ స్పాన్సర్‌ను, అంటే మీతోపాటు ఆర్థిక పూచీ ఇచ్చే ఇంకో మనిషిని, అడిగి ఉండే అవకాశం ఉంది. ఆమెను పోషిస్తానని మీరు పూచీ ఇచ్చే ఐ-864 ఫారంలో చూపించాల్సింది మీ కుటుంబ సంఖ్యకు వాళ్లు ప్రకటించే పేదరిక రేఖలో 125 శాతం. అది చాలకపోతే అమెరికాలో ఉంటున్న సిటిజన్ గానీ గ్రీన్ కార్డున్న మనిషి గానీ తన ఆదాయంతో విడిగా ఐ-864 రాసి ఇవ్వవచ్చు, బంధువే కానక్కర్లేదు. కానీ అది చట్టబద్ధమైన బాధ్యత, సంతకం పెట్టేవాళ్లకు ఆ సంగతి విడమరచి చెప్పి మరీ అడగండి.

అడిగిన పత్రం కాగితంలో చెప్పిన పద్ధతిలోనే పంపండి, పంపినదాని కాపీ ఉంచుకోండి. ఏడాది లోపల ఇవ్వకపోతే మాత్రం మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు. పత్రం ఏదీ అడక్కుండా అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్ (వాళ్ల లోపలి పరిశీలన) అని మాత్రమే ఉంటే వేచి చూడాల్సిందే, ఈలోగా మెడికల్ గడువు ఎప్పటిదాకా ఉందో ఒక చోట రాసి పెట్టుకోండి.

ఇవాళ ఇంటికి ఫోన్ చేసినప్పుడు స్టేటస్ గురించి కాకుండా, ఆ కాగితంలో ఏముందో ఆమెతోనే మెల్లగా చదివించండి, చదువుతుంటే తనకే అర్థమవుతుంది. ఆ తర్వాత అన్నం తినేదాకా ఫోన్ పెట్టకండి.