కాంగ్షీ ముద్ర ఉన్న నీలం-తెలుపు చైనా జాడీ: కొనే ముందు ఏం చూడాలి?

మీరు అడిగింది ఇదీ: పాత సామాన్ల కొట్లో అడుగు ఎత్తున్న నీలం-తెలుపు చైనా జాడీ ఉంది, అడుగున నీలిరంగులో ఆరు అక్షరాలు ఉన్నాయి, కాంగ్షీ చక్రవర్తి కాలం నాటిదని కొట్టాయన చెబుతున్నారు. నమ్మొచ్చా?

ముద్రను ఆఖరున చూడండి. కొత్తగా సేకరణ మొదలుపెట్టిన వాళ్ళంతా ముందు చూసేది అదే, ఎక్కువగా మోసపోయేదీ అక్కడే. చైనాలో పాత చక్రవర్తి పేరు వేయడం ఎప్పుడూ మోసం కోసమే కాదు, పూర్వుల పనితనం మీద గౌరవంతోనూ వేసేవారు. కాంగ్షీ కాలంలోనే (1662–1722) చేసిన పాత్రల మీద మింగ్ చక్రవర్తి చెంఘ్వా (1465–87) పేరు తరచూ కనిపిస్తుంది. పైగా 1677లో చైనాలో పింగాణీ తయారీకి పేరుపడ్డ జింగ్‌దెజెన్ ఊరి అధికారి పింగాణీ మీద చక్రవర్తి పేరు రాయకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. అందుకే అసలైన కాంగ్షీ సామానులో చాలావాటి అడుగున రెండు నీలి వలయాలు ఉంటాయి, లోపల ఖాళీ. లేకపోతే ఒక ఆకు బొమ్మ ఉంటుంది. పేరు లేదని అలాంటివి వదిలేసుకోకండి.

19వ శతాబ్దం చివర, గ్వాంగ్షూ చక్రవర్తి కాలంలో (1875–1908), కాంగ్షీ శైలి మళ్ళీ బాగా నడిచింది. పగిలిన మంచు మీద ప్లమ్ జాతి పూలకొమ్మలు గీసిన మూత జాడీలు అప్పుడు చాలా వచ్చాయి. వాటి అడుగున ఎక్కువగా నాలుగక్షరాల కాంగ్షీ ముద్ర ఉంటుంది. అవీ వందేళ్ళు దాటిన మంచి వస్తువులే, కాని కాంగ్షీ ధర ఇచ్చి కొనేవి కావు. మీరు చూసింది ఆరు అక్షరాలైతే కుడి వరుసలో పైనుంచి కిందికి మొదలుపెట్టి, తర్వాత ఎడమ వరుస చదవాలి: దా, చింగ్, కాంగ్, షీ, నియన్, జీ. ‘మహా చింగ్ వంశపు కాంగ్షీ ఏలుబడిలో చేసినది’ అని అర్థం.

ఇప్పుడు జాడీని మెత్తటి గుడ్డ మీద బోర్లించి, నేలకు ఆనే అంచు చూడండి. అక్కడ గ్లేజు (గాజులాంటి మెరుపు పూత) ఉండదు, మట్టి దాని అసలు రూపంలో కనిపిస్తుంది. కాంగ్షీ నాటి మట్టి తెల్లగా, బిగువుగా, వేలితో రాస్తే నున్నగా ఉంటుంది. గ్లేజు ఆగిపోయిన చోట సన్నటి నారింజ గీత కనిపించవచ్చు. మట్టిలోని ఇనుము కాల్పులో పైకి తేలడం వల్ల వచ్చే రంగు అది. గీత ఎక్కడా ఒకే మందంలో ఉండదు, కొన్నిచోట్ల అసలు ఉండదు. ఈ రంగు రావాలని నకిలీ చేసేవాళ్ళు టీ నీళ్ళో, పొటాషియం పర్మాంగనేటో పులుముతారు. ఆ మరక అంచంతా ఒకేలా పరుచుకుని గుంటల్లో ముదురుగా నిలుస్తుంది. కొట్టాయన ఒప్పుకుంటే తడి దూదితో తుడిచి చూడండి. ఇనుము గీత దూదికి అంటదు.

తర్వాత చెయ్యి లోపలికి పెట్టి గోడ తడమండి. ఈ ఎత్తు జాడీని ఆ రోజుల్లో ముక్కలుగా చేసి, పల్చటి మట్టి నీళ్ళతో అతికించేవారు. నడుము దగ్గరో భుజం దగ్గరో అడ్డంగా ఒక గట్టు వేలికి తగులుతుంది. గోడ మందం అంతటా ఒకేలా ఉండి, అతుకు జాడే లేకపోయినా, పైనుంచి కిందికి నిలువు అతుకు తగిలినా అచ్చులో ద్రవమట్టి పోసి తీసిన కొత్త సరుకని అనుమానించాలి.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం జేబులో ఉండాలి. ఖరీదు తక్కువ, ఉపయోగం చాలా ఎక్కువ. బొమ్మలో ముందు సన్నని గీత గీసి, లోపల నీలాన్ని రెండు మూడు ఛాయల్లో నింపిన తీరు కాంగ్షీ పనికి గుర్తు. ఒక కుంచె పూత మీద మరొకటి పడిన చోట రంగు ముదిరి కనిపిస్తుంది. నీలం వరసగా చిన్న చుక్కలుగా విడిపోతే అది అంటించిన ప్రింటు, ఇంకేం చూడక్కర్లేదు. గ్లేజు మీద పడిన గీకుళ్ళు కూడా చూడండి: నిజంగా వాడుకలో పడినవి అన్ని దిక్కులకూ, అన్ని లోతుల్లోనూ ఉంటాయి. గరుకు కాగితంతో రుద్దినవి గుంపుగా, ఒకే వైపుకి పోతాయి. ఆమ్లంతో మెరుపు చంపేసిన గ్లేజు మూలమూలలా ఒకేలా మొద్దుబారి ఉంటుంది. అసలు పాతదానికి చెయ్యి తగలని సందుల్లో మెరుపు మిగులుతుంది.

అడుగున గ్లేజులో మూడు నుంచి ఐదు చిన్న బొడిపెల్లాంటి మచ్చలుంటే అది జపాన్‌లోని అరిటా సరుకు కావచ్చు. బట్టీలో అడుగు కుంగకుండా పెట్టిన మట్టి మేకుల గుర్తులవి. అరిటా పాత్రల మీదా చైనా ముద్రలుంటాయి కాబట్టి ఈ తేడా తప్పక గమనించండి.

మరమ్మతు దాచిన వస్తువుకు పూర్తి ధర ఇవ్వకండి. గోటితో అంచు చుట్టూ తట్టండి. గణగణమంటే మంచిది, మొద్దుగా మోగితే ఎక్కడో పగులుంది. 365 నానోమీటర్ల అతినీల కాంతి టార్చి చీకట్లో వేస్తే మరమ్మతు పూత వేసిన చోటు చుట్టూ ఉన్న గ్లేజుకంటే వేరుగా మెరుస్తుంది. అలా మెరవని పదార్థాలూ ఇప్పుడు వాడుతున్నారు, అందుకే ఇదొక్కటే చాలదు. చల్లగా గట్టిగా ఉండాల్సిన గ్లేజు ఒకచోట మెత్తగా, నులివెచ్చగా తోస్తే అక్కడ మరమ్మతుకు వాడిన రెసిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) ఉన్నట్టే. మూతి మీద లోహపు పట్టీ ఉంటే దాని కింద పెచ్చులూడాయేమో, మెడ కోసేశారేమో అడగండి. అడుగున రంధ్రం ఉంటే ఎప్పుడో దీపపు స్తంభంగా మార్చారని అర్థం. ధర బాగా పడిపోతుంది.

కన్ను కుదరాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా, జపాన్ గదులకు ఒకటికి నాలుగుసార్లు వెళ్ళండి. చేత్తో పట్టుకుని నేర్చుకోవడానికి మాత్రం మొదట మునిగిన ఓడల సరుకు కొనమంటాను. వియత్నాం తీరంలో దొరికిన వుంగ్‌తౌ ఓడ సరుకు దాదాపు 1690 నాటిది, 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేశారు. 1752లో మునిగిన డచ్చి ఓడ గెల్డర్‌మాల్సెన్ సరుకు 1986లో అమ్ముడైంది. ఇలాంటి చిన్న గిన్నె, చివరికి పెచ్చు లేచినదైనా, కాలం తెలిసిన వస్తువు. విరిగిన చోట మట్టి రంగు, గ్లేజు మందం రెండూ కనిపిస్తాయి. వేలం స్టిక్కరును ఎవరైనా అంటించగలరు కాబట్టి దాని మీది లాటు నంబరును వేలం కేటలాగుతో పోల్చుకోండి.

విదేశాల్లో ఉంటూ ఇక్కడ కొనేవాళ్ళకు ఒక మాట. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. పురావస్తువు కాదని కేంద్ర పురావస్తు శాఖ ధ్రువపత్రం ఇస్తేనే తీసుకెళ్ళగలరు. జాడీ నిజంగా కాంగ్షీదైతే అది ఇక్కడే ఉండాలి.

ఇంటికి తెచ్చాక సింకులో తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళలో ఒక్కటే కడగండి. బ్లీచు వద్దు, బంగారు పూతను రుద్దొద్దు. ముక్క ఊడితే తక్షణం పట్టేసే జిగురు వేయకండి, దాన్ని శుభ్రంగా విప్పడం కష్టం. పారలాయిడ్ బి-72 అనే జిగురు అయితే అసిటోన్‌తో మళ్ళీ విప్పుకోవచ్చు.

చివరగా బిల్లు. ‘కాంగ్షీ శైలి’ అంటే కొత్తదైనా కావచ్చు. ‘కాంగ్షీ ముద్ర’ అంటే ముద్ర ఉందని మాత్రమే. ‘కాంగ్షీ ముద్ర, కాంగ్షీ కాలం’ అని రెండూ రాసి, మరమ్మతుల వివరం కూడా చేర్చి సంతకం పెట్టమనండి. అందుకు కొట్టాయన ఒప్పుకోకపోతే గ్వాంగ్షూ ధర దగ్గర బేరం మొదలుపెట్టండి.